2019లో కలిసి పడిపోయిన నాలుగు క్లబ్బులు: లీగ్ టూ ఆఖరి వారం

టచ్‌లైన్
27 ఏప్రిల్ 2025, రాత్రి 9:10

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నాలుగో అంచె లీగ్ టూలో ఇక ఒక్క శనివారం మిగిలింది. నిన్నటితో డాంకాస్టర్, పోర్ట్ వేల్ రెండూ పై అంచె లీగ్ వన్‌కి వెళ్ళిపోయాయి. నేరుగా పైకి వెళ్ళే మూడు స్థానాల్లో ఒక్కటే ఖాళీ. బ్రాడ్‌ఫర్డ్ సిటీకి 75 పాయింట్లు, వాల్సాల్‌కి 74. మే 3న బ్రాడ్‌ఫర్డ్ సొంత మైదానంలో ఫ్లీట్‌వుడ్‌తో ఆడుతుంది. వాల్సాల్ క్రూ అనే ఊరికి వెళ్ళి ఆ జట్టుతో ఆడాలి.

ఈ రెండు క్లబ్బుల గురించే ఎందుకు రాస్తున్నానంటే, 2018-19 సీజన్ చివర లీగ్ వన్ నుంచి నాలుగు జట్లు కిందికి వచ్చాయి. ప్లిమత్, వాల్సాల్, స్కంథార్ప్, బ్రాడ్‌ఫర్డ్. నాలుగూ ఒకే మెట్టు మీద నుంచి ఒకేసారి జారాయి. ఆ తర్వాత చూడండి. ప్లిమత్ మరుసటి ఏడాదే లేచింది, 2023లో 101 పాయింట్లతో లీగ్ వన్ గెలిచి రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్ చేరింది, మొన్న ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్‌లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించింది. స్కంథార్ప్ 2022లో ఫుట్‌బాల్ లీగ్ నుంచే బయటికి పోయింది, 2023లో ఇంకో మెట్టు దిగి ఆరో అంచెలో పడింది. వాల్సాల్, బ్రాడ్‌ఫర్డ్ మాత్రం ఆరేళ్ళుగా లీగ్ టూలోనే ఉండిపోయాయి. ఇప్పుడు మిగిలిన ఒక్క స్థానం కోసం ఆ రెండే ప్రధానంగా పోటీ పడుతున్నాయి.

నాది వాల్సాల్. జనవరిలో 12 పాయింట్ల ఆధిక్యంతో పట్టిక పైన ఉన్నాం. ఇప్పుడు నాలుగో స్థానంలో ఉన్నాం. వారం నుంచి సరిగ్గా నిద్ర లేదు.

కొత్తగా_వచ్చా
27 ఏప్రిల్ 2025, రాత్రి 9:48

అన్నా, నేను ప్రీమియర్ లీగ్ మాత్రమే చూస్తాను. ఈ కింది లీగ్‌లు ఎలా నడుస్తాయో ఎవరైనా కాస్త చెప్తారా? నాలుగో స్థానం వస్తే అంత బాధెందుకు? ప్లే-ఆఫ్ ఉంటుంది కదా?

పాయింట్ల_పట్టిక
27 ఏప్రిల్ 2025, రాత్రి 10:15

తమ్ముడూ, ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ. ఒక్కోదానిలో 24 జట్లు, మొత్తం 92 క్లబ్బులు. కింది మూడింటినీ కలిపి ఫుట్‌బాల్ లీగ్ అంటారు. ఈ మూడింటిలో ప్రతి జట్టూ 46 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆగస్టులో మొదలై మే దాకా. వారం మధ్యలో రాత్రి మ్యాచ్‌లు, చలికాలంలో బురద మైదానాలు, చిన్న స్క్వాడ్‌లు. ప్రీమియర్ లీగ్ వాళ్ళు ఆడే 38 కంటే ఎనిమిది మ్యాచ్‌లు ఎక్కువ.

లీగ్ టూ నుంచి మొదటి మూడు జట్లు నేరుగా పైకి పోతాయి. నాలుగు నుంచి ఏడు వరకు ఉన్నవి ప్లే-ఆఫ్ ఆడాలి. అందులో గెలిచేది ఒక్కటే. అంటే మూడో స్థానం వస్తే సెలవులకి వెళ్ళొచ్చు. నాలుగో స్థానం వస్తే 46 మ్యాచ్‌ల కష్టం ఇంకో మూడు మ్యాచ్‌ల మీద వేలాడుతుంది. ఒక్క పాయింటు తేడాతో ఇంత మార్పు. టచ్‌లైన్ గారి బాధ దాని గురించే.

అడుగున ఇంకో లెక్క ఉంది. లీగ్ వన్ నుంచి నలుగురు దిగుతారు. లీగ్ టూ నుంచి మాత్రం ఇద్దరే. దాని కింద నేషనల్ లీగ్. అక్కడి నుంచి పైకి వచ్చేది కూడా ఇద్దరే, ఛాంపియన్ ఒకటి, ప్లే-ఆఫ్ విజేత ఒకటి. అందుకే లీగ్ టూలోంచి పడ్డవాళ్ళు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. రెక్సమ్‌కి 15 ఏళ్ళు పట్టింది.

లెఫ్ట్‌బ్యాక్
27 ఏప్రిల్ 2025, రాత్రి 11:02

వాల్సాల్ ఎందుకు జారిందో అందరికీ ఒక జవాబు సిద్ధంగా ఉంది. నేథన్ లోవ్. స్టోక్ నుంచి లోన్ మీద వచ్చిన కుర్రాడు, సీజన్ మొదటి సగంలో గోల్స్ వరసగా కొట్టాడు. జనవరిలో స్టోక్ వెనక్కి పిలిపించుకుంది. అక్కడి నుంచి వాల్సాల్ మళ్ళీ పాత వాల్సాల్ కాలేదు.

ఇది కింది డివిజన్ల అసలు కష్టం. ఇక్కడి క్లబ్బులు మంచి స్ట్రయికర్‌ని కొనలేవు, అరువు తెచ్చుకుంటాయి. అరువు తెచ్చుకున్న ఎద్దుతో పొలం దున్నుతున్నప్పుడు, సగం చాళ్ళు పడ్డాక సొంతదారు వచ్చి విప్పుకుపోతే ఏం చేస్తాం? ఆగస్టులో ఆ కుర్రాడి చుట్టూ జట్టుని కడతారు. బంతి ఎప్పుడు వేయాలి, ఎవరు ముందుకు పరిగెత్తాలి, కార్నర్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలి, అన్నీ అతన్ని బట్టే కుదురుతాయి. జనవరిలో పిలుపు వస్తే ఇంకో సంతకం చేయించుకోవచ్చు కానీ ఆ ఆరు నెలల అలవాటు మళ్ళీ రాదు.

టచ్‌లైన్
27 ఏప్రిల్ 2025, రాత్రి 11:20

లోవ్ గురించి మీరన్నది నిజమే. కానీ మొత్తం భారం ఆ కుర్రాడి మీద వేయలేను. అతను వెళ్ళాక కూడా మ్యాచ్‌లు గెలిచాం. తర్వాత ఎక్కడో భయం మొదలైంది. ఆధిక్యం 12 ఉన్నప్పుడు జట్టు బంతిని ముందుకు ఆడుతుంది. ఎనిమిదికి తగ్గగానే వెనక్కి ఆడుతుంది. నాలుగుకి వచ్చేసరికి గోలీకి ఇచ్చేస్తుంది. ఈ రెండు నెలలూ అదే చూశాను. ఆటగాళ్ళ కాళ్ళల్లో బరువు బయట కూర్చున్న మనకి కూడా తెలిసిపోతుంది.

వింగర్_అక్క
28 ఏప్రిల్ 2025, ఉదయం 7:30

నేను కాలేజీ జట్టుకి ఆడాను. టచ్‌లైన్ గారు రాసిన ఆ బరువు నాకు తెలుసు. వెనక ఉన్నప్పుడు తరమడం తేలిక. ముందున్నప్పుడు ప్రతి వారం మిగతావాళ్ళ స్కోర్లు చూసుకుంటూ ఆడాలి, అది మనసుని తినేస్తుంది. వాల్సాల్ మేనేజర్ మ్యాట్ శాడ్లర్‌ని జనం తిడుతుంటే నాకు బాధగా ఉంది. ఆగస్టులో ఈ జట్టు ఆరో స్థానంలో వస్తుందన్నా సంబరపడేవాళ్ళు.

బ్రాడ్‌ఫర్డ్ అభిమానులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

ఆఖరి_నిమిషం
28 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:15

ఉన్నానక్కా. మొన్న డాంకాస్టర్‌లో 2-1తో ఓడి నోటి దాకా వచ్చిన ముద్ద జారవిడుచుకున్నాం. గెలిచి ఉంటే సంబరాలు మావే అయ్యేవి. మా ఓటమితోనే డాంకాస్టర్ ప్రమోషన్ ఖాయం చేసుకుంది, మా వాళ్ళు ఆ సంబరం మధ్యలోంచి తలదించుకుని నడిచి వెళ్ళారు.

బ్రాడ్‌ఫర్డ్ అంటే చాలామందికి తెలియదు. 1999 నుంచి 2001 దాకా ప్రీమియర్ లీగ్‌లో ఆడింది. 2013లో నాలుగో అంచె జట్టుగా ఉండి లీగ్ కప్ ఫైనల్‌కి వెళ్ళింది. నాలుగో డివిజన్‌లో కూడా మా మైదానం, వాలీ పరేడ్, జనంతో కిక్కిరిసి ఉంటుంది. అంత జనం ఉన్న క్లబ్ ఆరేళ్ళు ఇక్కడ ఉండిపోయిందంటే ఆ బరువు వేరు. శనివారం గెలిస్తే చాలు, ఎవరి స్కోరూ చూసుకోనక్కర్లేదు.

పాత_స్కోర్లు
28 ఏప్రిల్ 2025, రాత్రి 8:40

ఆఖరి రోజు అంటే నాకు ఎప్పుడూ రెండు తేదీలు గుర్తొస్తాయి.

ఒకటి 9 మే 1987. అంతకు ముందు నాలుగో డివిజన్ అడుగున ఉన్న జట్లు నేరుగా పడేవి కావు. లీగ్ క్లబ్బులు ఓటు వేసి, ఉండాలా పోవాలా తేల్చేవి. ఎక్కువసార్లు పాతవాళ్ళకే ఓటు పడేది. 1986-87లో మొదటిసారి నేరుగా రెలిగేషన్, అంటే కింది అంచెకి దించడం, పెట్టారు. ఆఖరి రోజున బర్న్‌లీ, టోర్కీ, లింకన్ మూడింటికీ ముప్పు. బర్న్‌లీ అంటే ఒకప్పటి దేశ ఛాంపియన్! వాళ్ళు ఓరియంట్‌ని 2-1తో ఓడించి బతికారు. టోర్కీ మైదానంలో పోలీసు కుక్క ఒకటి జిమ్ మెక్‌నికల్ అనే ఆటగాణ్ణి కరిచింది. అతనికి చికిత్స చేసినందుకు ఆట కొన్ని నిమిషాలు పొడిగించారు. ఆ అదనపు నిమిషాల్లోనే పాల్ డాబ్సన్ గోల్ కొట్టి 2-2 చేశాడు. టోర్కీ, లింకన్ రెండింటికీ 48 పాయింట్లు. గోల్ తేడాతో, అంటే కొట్టిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ మధ్య లెక్కతో, లింకన్ పోయింది. వాళ్ళు మరుసటి ఏడాదే తిరిగి వచ్చారు, అది వేరే సంగతి. లింకన్ చోటులోకి వచ్చింది స్కార్బరో. కింది నుంచి ఫుట్‌బాల్ లీగ్‌లోకి నేరుగా ప్రమోషన్ పొందిన మొదటి క్లబ్.

రెండో తేదీ 8 మే 1999. ఈసారి ముప్పు కార్లైల్‌కి, అదే స్కార్బరోకి. స్కార్బరో మ్యాచ్ డ్రాగా ముగిసింది, జనం మైదానంలోకి వచ్చి సంబరాలు మొదలుపెట్టారు. కార్లైల్, ప్లిమత్ మ్యాచ్ 1-1లో ఉంది. అదనపు సమయంలో కార్నర్. స్విండన్ నుంచి లోన్ మీద వచ్చిన గోలీ జిమ్మీ గ్లాస్ మొత్తం మైదానం దాటుకుని వచ్చి, గోలీ చేతుల్లోంచి జారిన బంతిని లోపలికి తన్నాడు. 2-1. కార్లైల్ బతికింది, స్కార్బరో పడింది. స్కార్బరో ఇక ఎప్పటికీ తిరిగి రాలేదు. 2007లో ఆ క్లబ్ మూతపడింది.

ఆ వీడియో దొరికితే చూడండి. అందరూ గ్లాస్‌ని చూస్తారు. నేను మాత్రం వంద మైళ్ళకు పైగా దూరంలో రేడియో చెవికి ఆనించుకుని నిలబడ్డ స్కార్బరో జనం గురించే ఆలోచిస్తాను.

కొత్తగా_వచ్చా
28 ఏప్రిల్ 2025, రాత్రి 9:25

గోలీ కొట్టాడా! ఇప్పుడే చూశాను. ఒళ్ళు జలదరించింది. శనివారం నేను కూడా చూస్తాను. ఎవరి పక్షమో ఇంకా తేల్చుకోలేదు.

పాయింట్ల_పట్టిక
3 మే 2025

అన్ని మ్యాచ్‌లూ ఒకేసారి మొదలయ్యాయి. ఆఖరి రోజు ఇలాగే పెడతారు, ఒకరి ఫలితం చూసుకుని ఇంకొకరు ఆడకుండా.

విరామానికి ముందు నుంచీ లెక్క ఒకటే. ఇద్దరూ గెలిస్తే బ్రాడ్‌ఫర్డ్. వాల్సాల్ గెలిచి బ్రాడ్‌ఫర్డ్ డ్రా చేస్తే 77కి 76, వాల్సాల్.

టచ్‌లైన్
3 మే 2025

గోల్!!! 1-0!!! క్రూలో మనం ముందున్నాం!

ఆఖరి_నిమిషం
3 మే 2025

మాది 0-0. బంతి గోల్ దాకా పోతోంది, లోపలికి మాత్రం పోవట్లేదు. వాలీ పరేడ్ మొత్తం నిలబడే ఉంది.

వింగర్_అక్క
3 మే 2025

ఈ క్షణానికి పట్టికలో మూడో స్థానం వాల్సాల్‌ది. టచ్‌లైన్ గారూ, ఊపిరి తీసుకోండి.

టచ్‌లైన్
3 మే 2025

90 దాటింది. దేవుడా.

ఆఖరి_నిమిషం
3 మే 2025

సార్సెవిచ్!!!!!! 96వ నిమిషం!!!!!!

ఆఖరి_నిమిషం
3 మే 2025

1-0. అయిపోయింది. పైకి వెళ్ళాం. జనం మైదానంలోకి వచ్చేశారు. నా చేతులు వణుకుతున్నాయి, టైప్ చేయలేకపోతున్నా.

కొత్తగా_వచ్చా
3 మే 2025

రెండు స్క్రీన్లు పెట్టుకుని చూశాను. ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు.

టచ్‌లైన్ అన్నా, ఉన్నారా?

టచ్‌లైన్
4 మే 2025, ఉదయం 6:05

ఉన్నాను. నిన్న మాట్లాడలేకపోయాను.

మా మ్యాచ్ మేం గెలిచాం. చేయాల్సింది చేశాం. ఇంకో మైదానంలో 96వ నిమిషంలో ఒక షాట్ ఆంటోనీ సార్సెవిచ్‌కి తగిలి దారి మార్చుకుని లోపలికి వెళ్ళింది. మా సీజన్ అక్కడ తేలింది. చివరికి బ్రాడ్‌ఫర్డ్ 78, వాల్సాల్ 77.

ఆఖరి_నిమిషం తమ్ముడూ, అభినందనలు. మనసారా చెబుతున్నాను. 2019లో మనం కలిసి పడ్డాం. మీరు లేచారు.

ఆఖరి_నిమిషం
4 మే 2025, ఉదయం 10:30

అన్నా, మీరు ఈ మాట రాస్తారని అనుకోలేదు. చాలా థ్యాంక్స్. ప్లే-ఆఫ్‌లో నా మద్దతు వాల్సాల్‌కే.

ఒక సంగతి చెప్పాలి. వచ్చే ఆదివారం మే 11. 1985లో అదే రోజున బ్రాడ్‌ఫర్డ్ మూడో డివిజన్ గెలిచి, ట్రోఫీ అందుకుని, లింకన్‌తో సీజన్ ఆఖరి మ్యాచ్ ఆడుతోంది. విరామానికి కాస్త ముందు చెక్కతో కట్టిన పాత స్టాండ్‌కి నిప్పంటుకుంది. కొన్ని నిమిషాల్లో మొత్తం కాలిపోయింది. 56 మంది చనిపోయారు. అదీ ప్రమోషన్ పండుగ రోజే. ఈ ఏడాదికి 40 ఏళ్ళు. నిన్న మైదానంలోకి వచ్చిన జనంలో ఆ రోజు తండ్రినో అన్ననో పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉండి ఉంటారు. మా క్లబ్‌లో సంబరం ఎప్పుడూ ఆ జ్ఞాపకాన్ని పక్కన పెట్టుకునే వస్తుంది.

లెఫ్ట్‌బ్యాక్
4 మే 2025, మధ్యాహ్నం 12:10

ఇది నాకు తెలియదు. చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

నిన్ననే ప్లిమత్ కూడా ఛాంపియన్‌షిప్ నుంచి పడింది, లూటన్‌తో పాటు. కార్డిఫ్ అంతకు ముందు వారమే పడింది. అంటే వచ్చే ఏడాది ప్లిమత్, బ్రాడ్‌ఫర్డ్ మళ్ళీ లీగ్ వన్‌లో కలుస్తాయి. ఒకరు పైనుంచి, ఒకరు కిందనుంచి.

లూటన్‌ది ఇంకా విచిత్రం. 2008-09లో 30 పాయింట్ల కోతతో సీజన్ మొదలుపెట్టి లీగ్‌లోంచే పోయింది. అయిదేళ్ళు బయట ఉండి, మెట్టు మెట్టుగా ఎక్కి 2023లో ప్రీమియర్ లీగ్ చేరింది. ఇప్పుడు రెండేళ్ళలో రెండు మెట్లు దిగింది.

పాయింట్ల_పట్టిక
26 మే 2025, రాత్రి 11:30

వాల్సాల్ సెమీఫైనల్లో చెస్టర్‌ఫీల్డ్‌ని రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది. వింబుల్డన్ రెండు మ్యాచ్‌లు కలిపి 2-0తో నాట్స్ కౌంటీని దాటింది. ఈ రోజు వెంబ్లీలో ఫైనల్.

ఏఎఫ్‌సీ వింబుల్డన్ 1, వాల్సాల్ 0. మొదటి సగం ముగిసే ముందు మైల్స్ హిప్పొలైట్ గోల్.

వింగర్_అక్క
26 మే 2025, రాత్రి 11:50

టచ్‌లైన్ గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. ఒకే నెలలో రెండుసార్లు.

టచ్‌లైన్
27 మే 2025, రాత్రి 8:00

ఒక రోజంతా ఆలోచించాను. ఇప్పుడు అడుగుతున్నాను, ఇది న్యాయమేనా? మాకు 77 పాయింట్లు, వింబుల్డన్‌కి 73. తొమ్మిది నెలల్లో 46 మ్యాచ్‌లు ఆడాక వాళ్ళ కంటే నాలుగు పాయింట్లు ఎక్కువ మాకు. ఒక్క మధ్యాహ్నంలో అదంతా లెక్కలోకి రాకుండా పోయింది. ప్లే-ఆఫ్ ఆడించడమే తప్పని నా అభిప్రాయం. నాలుగు చోట్లు ఉంటే మొదటి నలుగురినీ పంపండి.

ఇది ఓడిపోయిన కోపంతో రాస్తున్నది కాదు. 2023లో షెఫీల్డ్ వెన్స్‌డే లీగ్ వన్‌లో 96 పాయింట్లు తెచ్చుకుని మూడో స్థానంలో నిలిచి ప్లే-ఆఫ్ ఆడాల్సి వచ్చినప్పుడూ ఇదే అన్నాను.

పాత_స్కోర్లు
27 మే 2025, రాత్రి 9:15

మీ బాధ అర్థమవుతోంది. అయినా ఒప్పుకోలేను.

ప్లే-ఆఫ్ లేకపోతే ఫిబ్రవరికి పట్టికలో పది, పన్నెండు జట్లకి ఆడటానికి ఏమీ మిగలదు. 1987కి ముందు అదే పరిస్థితి. మార్చి నెలలో మధ్యలో ఉన్న జట్ల మైదానాలు బోసిపోయేవి. ఇప్పుడు పన్నెండో స్థానంలో ఉన్న క్లబ్ కూడా ఏప్రిల్ దాకా ఏడో స్థానం మీద ఆశ పెట్టుకుంటుంది. ఆ ఆశ మీదే చిన్న క్లబ్బుల టికెట్లు అమ్ముడవుతాయి. మీరన్న షెఫీల్డ్ వెన్స్‌డేనే చూడండి. సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో పీటర్‌బరో చేతిలో 4-0తో ఓడి, రెండో మ్యాచ్‌లో 5-1తో గెలిచి, పెనాల్టీల్లో నెగ్గి, ఫైనల్లో అదనపు సమయం ఆఖరి క్షణాల్లో జాష్ విండాస్ గోల్‌తో పైకి వెళ్ళారు. వాళ్ళ అభిమానుల్లో ఎవరినైనా అడగండి, నేరుగా ప్రమోషన్ ఇస్తామంటే ఆ మే నెలని వదులుకుంటారా?

వింబుల్డన్ గురించి కూడా ఒక మాట. 2002లో పాత వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి అనుమతి ఇచ్చారు. అభిమానులు ఊరుకోలేదు. సొంతంగా కొత్త క్లబ్ పెట్టుకుని తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ళలో, 2011లో, ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. అది కూడా ప్లే-ఆఫ్ ఫైనల్లో లూటన్‌ని పెనాల్టీల్లో ఓడించే. 2020లో ప్లవ్ లేన్‌లో కొత్త మైదానం కట్టుకుని సొంత చోటికి తిరిగి వచ్చారు.

మీ నాలుగు క్లబ్బుల కథలో వింబుల్డన్‌కి కూడా చోటుంది. 4 మే 2019న, ఆ సీజన్ ఆఖరి రోజున, బ్రాడ్‌ఫర్డ్‌లో 0-0 డ్రా చేసుకుని లీగ్ వన్‌లో నిలిచింది వింబుల్డనే. వాళ్ళకి 50 పాయింట్లు, ప్లిమత్‌కి 50. గోల్ తేడాతో ప్లిమత్ పడింది.

టచ్‌లైన్
27 మే 2025, రాత్రి 9:40

ఆ డ్రా సంగతి మరిచిపోయాను. బ్రాడ్‌ఫర్డ్‌లోనా! ఆరేళ్ళ తర్వాత ఒకరు మమ్మల్ని పట్టికలో దాటారు, ఇంకొకరు వెంబ్లీలో దాటారు.

ప్లే-ఆఫ్ మీద నా అభిప్రాయం మారలేదు. వింబుల్డన్ మీద కోపం మాత్రం లేదు.

లెఫ్ట్‌బ్యాక్
2 జూన్ 2025, ఉదయం 9:00

ప్లే-ఆఫ్ మీద వాదించుకుంటున్నాం కదా, నిన్న నేషనల్ లీగ్ ఫైనల్ చూశారా? ఓల్డమ్ అదనపు సమయంలో 3-2తో సౌత్ఎండ్‌ని ఓడించింది. 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టినప్పుడు అందులో ఉన్న జట్టు ఓల్డమ్. 2022లో ఫుట్‌బాల్ లీగ్ నుంచే పడిపోయింది, అలా పడిన మొదటి ప్రీమియర్ లీగ్ క్లబ్ అదే. మూడేళ్ళకి తిరిగి వచ్చింది. కళ్ళు చెమర్చాయి.

కానీ యార్క్ సిటీని చూడండి. 96 పాయింట్లతో రెండో స్థానం. ఓల్డమ్ అయిదో స్థానం, 73 పాయింట్లు. సెమీఫైనల్లో ఓల్డమ్ వచ్చి యార్క్ సొంత మైదానంలో 3-0తో గెలిచింది. ఇరవై మూడు పాయింట్ల తేడా! టచ్‌లైన్ గారి నాలుగు పాయింట్ల బాధకి ఇది ఎన్ని రెట్లు?

పాయింట్ల_పట్టిక
2 జూన్ 2025, ఉదయం 10:20

అక్కడ తప్పు ప్లే-ఆఫ్‌ది కాదు, చోట్ల లెక్కది. లీగ్ వన్‌కీ లీగ్ టూకీ మధ్య నలుగురు దిగి నలుగురు ఎక్కుతారు. లీగ్ టూకీ నేషనల్ లీగ్‌కీ మధ్య ఇద్దరే. ఆ ఒక్క చోట దారి సగానికి సగం ఇరుకు. 2023లో నాట్స్ కౌంటీ 107 పాయింట్లు తెచ్చుకుని కూడా రెక్సమ్ 111 తేవడంతో రెండో స్థానంలో ఆగి ప్లే-ఆఫ్ ఆడింది. ఫైనల్లో పెనాల్టీల్లో గట్టెక్కింది కాబట్టి సరిపోయింది.

మూడో చోటు ఇవ్వాలని నేషనల్ లీగ్ క్లబ్బులన్నీ ఈ ఫిబ్రవరి నుంచి ఉద్యమం నడుపుతున్నాయి. ఇవ్వాల్సింది లీగ్ టూ క్లబ్బులు ఉన్న ఫుట్‌బాల్ లీగే. తమలో ఇంకొకరు పడే దారికి తామే ఒప్పుకోవాలి. పాత_స్కోర్లు గారు చెప్పిన ఓట్ల కాలం పూర్తిగా పోలేదని నాకు అనిపిస్తుంది.

వింగర్_అక్క
2 జూన్ 2025, మధ్యాహ్నం 2:00

మూడో చోటు రావాల్సిందే. కానీ పడేవాళ్ళ గురించి కూడా మాట్లాడాలి. ఈ ఏడాది పడింది కార్లైల్, మోర్‌కమ్. జిమ్మీ గ్లాస్ కాపాడిన కార్లైల్, 2023లో వెంబ్లీలో గెలిచి లీగ్ వన్‌కి వెళ్ళిన కార్లైల్, 2024లో ఒక మెట్టు, 2025లో ఇంకో మెట్టు. మోర్‌కమ్ 2007లో వచ్చి 18 ఏళ్ళు నిలబడిన చిన్న క్లబ్. పడితే ఆదాయం పడిపోతుంది, ఆటగాళ్ళు వెళ్ళిపోతారు, ఆఫీసులో, మైదానంలో పనిచేసేవాళ్ళ ఉద్యోగాలు పోతాయి. మనం ఉత్కంఠ అంటున్నది వాళ్ళకి జీతం.

2019లో బరీ లీగ్ టూలో రెండో స్థానంలో నిలిచి ప్రమోషన్ తెచ్చుకుంది. ఆగస్టులో డబ్బు కష్టాల వల్ల ఆ క్లబ్‌ని లీగ్ నుంచే తీసేశారు. 1894 నుంచి లీగ్‌లో ఉన్న క్లబ్. ఆ ఏడాది లీగ్ వన్ 23 జట్లతో నడిచింది. మైదానంలో గెలిచి కూడా పోయిన క్లబ్ అది. నాకు రెలిగేషన్ కంటే ఎక్కువ భయం వేసేది అదే.

పాత_స్కోర్లు
29 జులై 2025, రాత్రి 7:45

అక్క జూన్‌లో అన్న మాట నిజమయ్యేలా ఉంది. మోర్‌కమ్‌ని నేషనల్ లీగ్ సస్పెండ్ చేసింది. సీజన్ మొదలవడానికి రెండు వారాలు కూడా లేదు.

పాత_స్కోర్లు
24 ఆగస్టు 2025, ఉదయం 8:10

మోర్‌కమ్ బతికింది! ఈ నెల మధ్యలో పంజాబ్ వారియర్స్ అనే సంస్థ క్లబ్‌ని కొనేసింది. అశ్వీర్ సింగ్ జోహాల్‌ని మేనేజర్‌గా పెట్టారు. ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ క్లబ్‌కి మేనేజర్ అయిన మొదటి సిక్కు ఆయనే, వయసు 30. వచ్చిన నాలుగు రోజులకి మ్యాచ్. దొరికినవాళ్ళతో హడావిడిగా జట్టు కూర్చి నిన్న ఆల్ట్రించమ్‌తో ఆడించారు. 2-1, గెలిచారు.

వింగర్_అక్క
24 ఆగస్టు 2025, ఉదయం 8:35

పొద్దున్నే ఇంత మంచి వార్త! నిన్న ఆ మైదానంలో ఉన్నవాళ్ళని తలుచుకుంటే నాకే ఆనందంగా ఉంది.

స్కంథార్ప్ కూడా ప్లే-ఆఫ్ గెలిచి నేషనల్ లీగ్‌కి తిరిగి వచ్చింది, ఎవరూ రాయలేదు. నాలుగు క్లబ్బుల లెక్కలో అది కూడా వేసుకోండి.

టచ్‌లైన్
24 ఆగస్టు 2025, ఉదయం 9:20

వేసుకున్నాను అక్కా. ప్లిమత్, బ్రాడ్‌ఫర్డ్ లీగ్ వన్‌లో, వాల్సాల్ లీగ్ టూలో, స్కంథార్ప్ నేషనల్ లీగ్‌లో. మేమొక్కళ్ళమే కదలకుండా అక్కడే ఉన్నాం. కొత్త సీజన్ మొదలైంది కాబట్టి మళ్ళీ ప్రతి శనివారం ఇక్కడే ఉంటాను.

కొత్తగా_వచ్చా
24 ఆగస్టు 2025, ఉదయం 10:05

అన్నా, అక్కా, నేను ఒక జట్టుని ఎంచుకున్నాను. యార్క్ సిటీ. 96 పాయింట్లు తెచ్చుకుని అక్కడే ఉండిపోయారని చదివినప్పటి నుంచి మనసు వాళ్ళ మీదే ఉంది. వాళ్ళ మ్యాచ్‌లు ఎక్కడ చూడొచ్చు?

పాయింట్ల_పట్టిక
24 ఆగస్టు 2025, ఉదయం 10:30

నేషనల్ లీగ్ మ్యాచ్‌లు డాజోన్ అనే స్ట్రీమింగ్ యాప్‌లో వస్తాయి తమ్ముడూ. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం, కొన్ని మంగళవారం రాత్రి. అక్కడ కూడా 46 ఉంటాయి.